దొంగ తీర్పు కంటే సగం చట్టమే ఎక్కువ ముంచుతుంది

ఏఐతో లీగల్ రీసెర్చ్ అనగానే మా అడ్వకేట్లలో చాలామందికి గుర్తొచ్చేది న్యూయార్క్ కేసు. 2023లో మాటా వర్సెస్ ఏవియాంకా అనే దావాలో లాయర్లు దాఖలు చేసిన కాగితాల్లో చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులు దొరికాయి. వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్ అని అందులో ఒకటి, పేరు చూస్తే నిజం కేసే అనిపిస్తుంది, కానీ అట్లాంటి కేసు ఏ కోర్టులోనూ లేదు. జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేశాడు. మన దేశంలోనూ జరిగింది, 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపన్ను ట్రిబ్యునల్ బక్‌ఐ ట్రస్ట్ కేసులో ఇచ్చిన ఉత్తర్వులో లేని తీర్పులు కనిపించాయని ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బార్ హాల్లో ఏఐ మాట వస్తే చర్చంతా ఈ దొంగ సైటేషన్ల చుట్టే, అంటే ఆధారంగా చూపించే లేని తీర్పుల చుట్టే తిరుగుతుంది. సైటేషన్ నిజమేనా కాదా చూసుకుంటే చాలు, ఇక భయం లేదు అని తేల్చేస్తున్నారు.

నేను ఒప్పుకోను. దొంగ తీర్పును పట్టుకోవడం సులువు. పార్టీల పేర్లు తీర్పులు వెతికే ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో కొడితే రెండు నిమిషాల్లో ఉందో లేదో తెలిసిపోతుంది, మనం చూడకపోతే ఎదుటి లాయరు చూస్తాడు. మా హనుమకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి కోర్టుల్లో నడిచే కేసులకు అసలు ముప్పు వేరే ఉంది. తీర్పు నిజమైనదే, సెక్షన్ నిజమైనదే, చెప్పిన వాక్యం కూడా తప్పు కాదు, కానీ చట్టంలో సగమే చెప్పింది, లేదా మన రాష్ట్రంలో ఎప్పుడో రద్దైన చట్టం చెప్పింది. అట్లాంటి జవాబును ఇండియన్ కానూన్‌లో వెతికితే పట్టుబడదు, ఎందుకంటే అక్కడ ఆ తీర్పు ఉంటుంది మరి.

సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం కాగితం, దాని సంగతే తీసుకోండి. మా దగ్గర భూమి దావాల్లో ఎక్కువ భాగం దాని చుట్టే తిరుగుతాయి. పరకాల వైపు నుంచో, నర్సంపేట వైపు నుంచో ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతల తెల్లకాగితం పట్టుకొని వస్తాడు. ముప్పై నలభై ఏండ్ల కింద రెండెకరాలు కొన్నాడు, పైసలు ఇచ్చాడు, అప్పటినుంచి దున్నుకుంటున్నాడు, రిజిస్ట్రేషన్ లేదు. అమ్మినాయన పోయాడు, ఇప్పుడు ఆయన కొడుకులు భూమి మాదే అంటున్నారు. ఈ మొత్తం విషయం పేర్లు లేకుండా రాసి ఒక ఏఐ టూల్‌ను అడిగాను, ఈ కాగితాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టొచ్చా అని.

జవాబు చూస్తే ముచ్చటేసింది. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 చెప్పింది, రిజిస్టరు కాని దస్తావేజుతో హక్కు రాదు కానీ దాని ప్రొవైజో (మినహాయింపు) కింద స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో, అంటే ఒప్పందం అమలు చేయించమని వేసే దావాలో, ఒప్పందానికి సాక్ష్యంగా తీసుకోవచ్చు, కొలేటరల్ పర్పస్‌కు, అంటే భూమి ఎవరి స్వాధీనంలో ఉందనే లాంటి పక్క విషయానికి కూడా చూడొచ్చు అంది. 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఎస్. కళాదేవి వర్సెస్ వి.ఆర్. సోమసుందరం ఇచ్చింది. నిజమైన తీర్పే, సరిగ్గా ఈ పాయింటు మీదనే వచ్చింది. ఒక జూనియర్ ఇది చదివితే సంతోషంగా దావా డ్రాఫ్టు మొదలుపెడతాడు.

కానీ ఆ జవాబులో స్టాంపు చట్టం సెక్షన్ 35 ఊసే లేదు. సరిపడా స్టాంపు లేని దస్తావేజును ఏ పనికీ సాక్ష్యంగా తీసుకోకూడదని ఆ సెక్షన్ అంటుంది, ఏ పనికీ అంటే కొలేటరల్ పర్పస్ కూడా అందులోకే వస్తుంది. తెల్లకాగితం మీద రాసుకున్న బైనామాకు స్టాంపు ఎక్కడిది? కోర్టు ఇంపౌండ్ చేసి (తన దగ్గర పెట్టుకొని), తక్కువ పడిన సుంకం, దాని మీద పది రెట్ల పెనాల్టీ కట్టించుకుంటే తప్ప ఆ కాగితం ముందుకు కదలదు. ఇది ఎప్పుడు బయటపడుతుందంటే, వాది తన సాక్ష్యాన్ని చీఫ్ అఫిడవిట్‌గా వేసి, డాక్యుమెంట్ మార్క్ చేసే రోజున, ఎదుటి లాయరు లేచి అబ్జెక్షన్ అన్నప్పుడు. అప్పటికి దావా వేసి ఏండ్లు గడిచి ఉంటాయి. ఆ పెద్దాయన దగ్గర పెనాల్టీకి పైసలు ఉండవు. పైగా స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా అన్నాక లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 కింద మూడేండ్ల గడువు ఒకటి ఉంటుంది. ముప్పై ఏండ్ల కిందటి కాగితానికి ఆ గడువు ఎప్పుడు మొదలైందో చెప్పగలగాలి, అసలు ఆ దావా వేయాలా లేక కబ్జా (స్వాధీనం) మీద నిలబడాలా అనేదే మొదట తేల్చుకోవాల్సిన విషయం. ఆ ప్రశ్న టూల్ నన్ను అడగలేదు. అనుభవం ఉన్న సీనియర్ అయితే కాగితం చేతిలోకి తీసుకున్న మరుక్షణం తేదీ చూసి, స్టాంపు చూసి, "కబ్జాల ఎవరున్నరు?" అని అడుగుతాడు.

ఇంకో సగం రెవెన్యూ వైపు ఉంది. మనకు సాదాబైనామాలను క్రమబద్ధం చేసుకునే దారి 1971 నాటి ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టంలో సెక్షన్ 5ఎ కింద ఉండేది, 13-బి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు. ఆ చట్టాన్ని తెలంగాణ 2020లో రద్దు చేసి కొత్త పాసుపుస్తకాల చట్టం తెచ్చింది, ధరణి వచ్చింది, వీఆర్వోల వ్యవస్థ పోయింది. మళ్లీ 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం వచ్చింది. ఐదేండ్లలో మూడు చట్టాలు చూసిన రాష్ట్రం మనది. 2020 చట్టంలో తహసీల్దారు చేసిన మార్పు మీద అప్పీలుకు చోటు లేదు, భూభారతిలో ఉంది. సాదాబైనామాల విషయంలో 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో ఇచ్చిన గడువులో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు భూభారతిలో ఒక దారి ఉంది. నేను అడిగిన టూల్ మాత్రం మీకు సివిల్ కోర్టే గతి అని ధరణి నాటి జవాబు ఇచ్చింది. మళ్లీ వేరే మాటల్లో అడిగితే ఈసారి 1971 చట్టాన్ని బతికే ఉన్నట్టు చెప్పింది. ఎందుకట్లా అంటే, ఆ చట్టం పక్క రాష్ట్రంలో ఇంకా బతికే ఉంది. ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంటర్నెట్‌లో ఉన్న కాగితాలన్నీ దానికి ఒక్కటే కుప్ప, తెలుగు వాళ్ల భూమి అంటే ఒకటే భూమి అనుకుంటుంది.

ఈ కలగాపులగం హైకోర్టు తీర్పుల్లో ఇంకా గట్టిగా ఉంది. 2019 జనవరి 1న హైకోర్టు విడిపోయింది. అంతకుముందు హైదరాబాద్‌లో ఉన్న ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన తీర్పులు మనకు ఇప్పటికీ పనికొస్తాయి. ఆ తర్వాత అమరావతి నుంచి వచ్చినవి మన కింది కోర్టులను కట్టడి చేయవు, ఒప్పించడానికి చూపించుకోవచ్చు, అంతే. టూల్ ఇచ్చే జాబితాలో రెండూ "ఆంధ్రప్రదేశ్ హైకోర్టు" అనే ఉంటాయి. తీర్పు తేదీ 2018 నవంబరా, 2019 మార్చా అని చూసుకోని లాయరు, ఎదుటి పక్షం తెలంగాణ హైకోర్టు తీర్పు ఒకటి చేతిలో పెట్టుకొని లేచినప్పుడు ఏం చెప్తాడు?

క్రిమినల్ వైపు సెక్షన్ నంబర్ల గోల అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. 2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చాక 482 అంటే ముందస్తు బెయిల్, అంతకుముందు అదే నంబరు హైకోర్టు ఇన్‌హెరెంట్ పవర్స్ (సహజ అధికారాలు), అది ఇప్పుడు 528. ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన 144 సెక్షన్ ఇప్పుడు భార్యాబిడ్డల మనోవర్తి సెక్షన్, గుంపులు కూడొద్దనేది 163కి పోయింది. నంబరు మాత్రమే ఇచ్చి అడిగితే టూల్ ఏ చట్టంలోంచి జవాబు చెప్తుందో చూసుకోవాల్సిందే.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం పహాణీలు, అంటే ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ రికార్డులు. భూమి కేసులో రీసెర్చ్ అంటే తీర్పులు వెతకడం ఒక్కటే కాదు, 1954-55 ఖాస్రా పహాణీ నుంచి నిన్నటి దాకా రికార్డు ఎట్లా నడిచిందో చదవడం అసలు రీసెర్చ్. ఈ మధ్య కొందరు జూనియర్లు పాత పహాణీల ఫొటోలు తీసి ఏఐకి ఇచ్చి పట్టిక చేయించుకుంటున్నారు. మా ఆఫీసులోనే ఒక పట్టిక చూశాను. పహాణీలో విస్తీర్ణం 2-20 అని ఉంది. మన దగ్గర చిన్న పిల్లవాడు కూడా చెప్తాడు, రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. పట్టికలో అది 2.20 ఎకరాలు అయింది. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి 2.20 ఎకరాలంటే రెండెకరాల ఎనిమిది గుంటలు. పన్నెండు గుంటలు మాయమైపోయాయి, గుంటకు 121 గజాల లెక్కన 1,452 గజాలు. కరీంనగర్ రోడ్డు పక్కనో, హైదరాబాద్ రోడ్డు పక్కనో ఆ జాగా విలువ ఎంతో మీకే తెలుసు. దావా షెడ్యూల్లో ఆ అంకె పడితే, తర్వాత సవరించుకోవడానికి ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేయాలి, దాని మీద కౌంటర్ వస్తుంది, వాయిదాలు పడతాయి, ఎదుటివాళ్లు నీ భూమి ఎంతో నీకే తెలియదు కదా అని క్రాస్‌లో అడుగుతారు. అదే పట్టికలో పట్టాదారు కాలమ్‌లో ఉండాల్సిన పేరు, కబ్జాదారు కాలమ్‌లో ఉండాల్సిన పేరు రెండు వరుసల్లో తారుమారు అయ్యాయి. సాదాబైనామా కేసులో దావా మొత్తం నిలబడేది ఆ రెండో కాలమ్ మీదనే.

పైసలు పెట్టి కొనుక్కునే లీగల్ టూల్స్ అయితే ఇట్లా జరగదు అని ఒక మిత్రుడు వాదించాడు. అవి కొంత నయం, నిజమే, వాటికి తీర్పుల డేటాబేస్ వెనక ఉంటుంది. కానీ అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో అక్కడి పెద్ద పేరున్న లీగల్ ఏఐ టూల్స్‌ను పరీక్షిస్తే, టూల్‌ను బట్టి 17 శాతం నుంచి 33 శాతం దాకా జవాబుల్లో తప్పులు తేలాయి. ఆ తప్పుల్లో ఒక రకం ఏమిటంటే, సరైన తీర్పునే చూపించి అందులో లేని మాటను ఉందని చెప్పడం. నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది ఇదే. అమెరికా చట్టమంతా ఇంగ్లిష్‌లో, కంప్యూటర్లో ఉంది, అక్కడే ఇట్లా ఉంటే, సేత్వార్‌లు (పాత భూసర్వే రికార్డులు) ఉర్దూలో, పహాణీలు చేతిరాతలో, సగం జీవోలు ఎవరో స్కాన్ చేసిన వంకర పేజీల్లో ఉన్న మన దగ్గర పరిస్థితి ఆలోచించండి.

ఇంత చెప్పాక ఏఐ వాడొద్దంటున్నానని అనుకోకండి. నేను రోజూ వాడతాను, నా దగ్గర పనిచేసే పిల్లలను వాడమంటాను. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కాలంలో లా అంటే సీనియర్ ఆఫీసులోని బీరువాలు. ఏ.ఎల్.టి., ఏ.ఎల్.డి. అనే తీర్పుల సంకలనాల వాల్యూములు వరుసగా పేర్చి ఉండేవి, అవి ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లే లాయర్లు. తండ్రి లాయరైతే కొడుక్కు బీరువాతో సహా ప్రాక్టీసు వచ్చేది. సుబేదారిలో లా చదివి, ఇంట్లో మొదటిసారి నల్లకోటు వేసుకున్న పిల్లలకు సీనియర్ దయ ఉంటేనే పుస్తకం దొరికేది. 2008లో ఇండియన్ కానూన్ వచ్చి ఆ తలుపు తెరిచింది, 2023లో సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ పెట్టి తన రిపోర్టులను అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఏఐ అదే వరుసలో తర్వాతి మెట్టు. ఏ పదంతో వెతకాలో కూడా తెలియని జూనియర్‌కు అది పదం అందిస్తుంది. నూటయాభై పేజీల తీర్పు ఇచ్చి, ఇందులో సెక్షన్ 49 గురించి ఏ పేరాల్లో మాట్లాడారు అని అడిగితే పేరాలు చూపిస్తుంది, మనం వెళ్లి చదువుకోవచ్చు. దావాకు ఎదుటివాళ్లు ఇచ్చిన రాతపూర్వక జవాబు, రిటన్ స్టేట్‌మెంట్ ఇచ్చి తేదీల వరుస చేయమంటే చేస్తుంది, ఎక్కడ పొంతన కుదరలేదో చెప్తుంది. ఇంగ్లిష్‌లో తడబడే పిల్లవాడికి మంచి డ్రాఫ్టు ఎట్లా ఉంటుందో చూపిస్తుంది. సుప్రీంకోర్టు కూడా 2019లోనే తీర్పుల అనువాదానికి సువాస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది కదా. ఈ లాభం మెట్రోల్లో ఉన్నవాళ్ల కంటే మనకే ఎక్కువ, అందుకే దాన్ని సరిగ్గా వాడుకోవాలని ఇంత పట్టుదల.

సరిగ్గా వాడుకోవడం అంటే ఏమిటో మన ఊరి తీర్పుతోనే చెప్తాను. ఇంజంక్షన్ దావా (కబ్జాకు అడ్డం రావొద్దని ఆర్డరు అడిగే దావా) అంటే దేశంలో ఏ కోర్టులోనైనా చెప్పే సైటేషన్ అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి, 2008 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆ గొడవ మన వరంగల్ మట్టెవాడలోని ఖాళీ జాగాల మీద వచ్చింది, మొదటి దావా పడింది వరంగల్ మున్సిఫ్ కోర్టులో. ఏఐని అడిగితే చాలాసార్లు ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది, టైటిల్ (యాజమాన్య హక్కు) వివాదం ఉంటే డిక్లరేషన్ (హక్కు తనదేనని కోర్టు ప్రకటన) అడగకుండా ఇంజంక్షన్ దావా చెల్లదు అని. తీర్పు తెరిచి చదివితే అంత సాఫీగా లేదు. కబ్జా ఉండి ఎవరో ఊరికే అడ్డం వస్తుంటే ఉత్త ఇంజంక్షన్ దావా చాలు. టైటిల్ మీద నిజంగా మబ్బు కమ్మితేనే డిక్లరేషన్ కావాలి, ఎవడో వచ్చి నాదే అన్నంత మాత్రాన కాదు. ఖాళీ జాగా అయితే కబ్జా తేల్చడానికే టైటిల్ చూడాల్సి రావచ్చు, అప్పుడు టైటిల్ మీద ప్లీడింగ్స్ (దావా, జవాబు కాగితాల్లో రాసిన మాటలు), ఇష్యూ (కోర్టు తేల్చాల్సిన ప్రశ్న) ఉన్నాయా అనేది ముఖ్యం. ఒక రైతు చెలకను దున్నుకుంటూ ఉంటే, పక్కవాడు గట్టు జరుపుతున్నాడని వచ్చినప్పుడు, ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి డిక్లరేషన్ దావా వేయిస్తే ఆయన మీద కోర్టు ఫీజు భారం, సాక్ష్యం భారం, కాలం భారం మూడూ పడతాయి. ఆ తీర్పులోని నాలుగైదు పేరాలు చదవడానికి అరగంట పట్టదు.

ఇప్పుడు క్లయింట్లు కూడా ఫోన్లో అడిగి వస్తున్నారు. ఆ మధ్య ఒకాయన వచ్చి, "సారూ, మా పోరడు ఫోన్ల అడిగిండు, కేసు మాకే వస్తదంటున్నది, మీరేమో అప్పుడే చెప్పలేమంటరు" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎన్నో ఏండ్లుగా లాయర్లం ఆయనకు తన కేసు గురించి తెలుగులో సాఫ్‌గా చెప్పలేదు, ఫోన్ చెప్పింది. కూర్చోబెట్టి, ఆ జవాబునే పక్కన పెట్టుకొని ఒక్కో వాక్యం చూశాం. తన దగ్గర రిజిస్ట్రేషన్ ఉందని పిల్లవాడు రాశాడట, ఉన్నది నోటరీ చేసిన అగ్రిమెంటు. ప్రశ్నలోనే తప్పు ఉంది కాబట్టి జవాబు ఎంత బాగున్నా ఆయనకు పనికిరాదు. కాగితం చూసి, నాలుగు ప్రశ్నలు వేసి, కక్షిదారు చెప్పనిది బయటికి లాగడం మన పని, మనం మానేస్తే ఆ పని ఇంకెవరూ చేయరు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. కేస్ బండిల్ మొత్తాన్ని, ఆధార్ జిరాక్సులతో సహా, ఉచితంగా దొరికే టూల్స్‌లో ఎక్కించేస్తున్నారు. క్లయింట్ మనకు చెప్పిన మాటను ఆయన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని సాక్ష్య చట్టంలో 126గా ఉండేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132గా ఉంది. అత్యాచారం కేసులో బాధితురాలి పేరు బయటపెట్టడం బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72 కింద నేరం. ఎక్కడో సర్వర్లో పడే కాగితం మీద మనకు ఏ అదుపూ ఉండదు. పేర్లు, సర్వే నంబర్లు తీసేసి విషయం మాత్రం రాసి అడగడానికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ ఐదు నిమిషాలు క్లయింట్‌కు మనం బాకీ.

కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా కోర్టుల కోసం ఒక విధానం ప్రకటించింది, తీర్పు తేల్చడానికి, ఉత్తర్వు రాయడానికి ఏఐని వాడకూడదు, వేరే పనులకు వాడినా మనిషి సరిచూడాలి అని. అది జడ్జీలకు, కోర్టు సిబ్బందికి. లాయర్లకు నియమం మనమే పెట్టుకోవాలి. మా బార్ అసోసియేషన్లలో నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. సైటేషన్ ఇచ్చే లాయరు తీర్పు కాపీ జతచేయాలి, తాను ఆధారపడే పేరాలకు గీత పెట్టాలి, ఆ తీర్పు ఏ చట్టం మీద వచ్చిందో, ఆ చట్టం ఈ రోజు తెలంగాణలో అమల్లో ఉందో లేదో ఒక వాక్యంలో రాసి సంతకం పెట్టాలి. జాబితాలో వందకు పైగా కేసులున్న జూనియర్ సివిల్ జడ్జి ప్రతి సైటేషన్ వెనకాల పరుగెత్తలేరు, ఎదుటి పక్షానికి ఒక జూనియర్ లాయరు ఉంటే ఆయన కూడా పరుగెత్తలేడు. ఖర్చు ఎక్కువవుతుందని కొందరు అంటారు. తీర్పు మొత్తం ప్రింటు తీయక్కర్లేదు, మొదటి పేజీ, గీత పెట్టిన పేజీలు ఇచ్చి మిగతాది న్యూట్రల్ సైటేషన్‌తో, అంటే కోర్టే తీర్పుకు ఇచ్చే నంబరుతో చూసుకొమ్మనొచ్చు, సుప్రీంకోర్టు 2023 నుంచి ప్రతి తీర్పుకూ ఆ నంబరు ఇస్తున్నది.

రెండోది, పాత పహాణీలు చదవడం నేర్పించే తరగతులు పెట్టాలి. పట్వారీ కాలం నాటి ఉర్దూ రాత, ఖాస్రాలో ఏ కాలమ్ దేనికి, చేసాల అనే పాత పహాణీలో పేరు మారితే దానికి వెనకాల ఏ ప్రొసీడింగ్స్ ఉండాలి, ఇవన్నీ చెప్పగల రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగులు వరంగల్‌లో, హనుమకొండలో ఇంకా ఉన్నారు, బాగా పెద్దవయసు వాళ్లు. శనివారం సాయంత్రం బార్ హాల్లో వాళ్లను కూర్చోబెట్టి, నిజమైన పహాణీ నకళ్లు ముందు పెట్టి, చెప్పింది వీడియో తీసి పెట్టుకుందాం. ఒప్పుకునే పెద్దమనుషులను పిలుచుకొచ్చే బాధ్యత నేను తీసుకుంటాను, హాలు ఇప్పించే బాధ్యత కార్యవర్గం తీసుకోవాలి.